సమాధానం: స్క్రూ బాస్‌ల వెనక గుంటలు

తప్పు మోల్డింగ్ మెషిన్‌ది (కరిగిన ప్లాస్టిక్‌ని అచ్చులోకి నెట్టేది) కాదు, డిజైన్‌దే. మీ ఏబీఎస్ (ఒక రకం గట్టి ప్లాస్టిక్) కవర్ మీద సరిగ్గా స్క్రూ బాస్‌ల (లోపలివైపు స్క్రూ దిగే గొట్టాల్లాంటి భాగాల) వెనకే గుంటలు పడుతున్నాయి, ప్రెషర్ పెంచినా పోవడం లేదు అన్నారంటే అక్కడ ప్లాస్టిక్ ముద్దలా పేరుకుంటోందన్నమాట. పైపొర ముందే గట్టిపడుతుంది, లోపలి ముద్ద నెమ్మదిగా చల్లారి కుంచించుకుపోతూ పైపొరని లోపలికి లాగేస్తుంది.

1. ముందు బాస్ మధ్యలోంచి సెక్షన్ కోసి చూడండి. చాలామంది వదిలేసేది ఇదే. స్క్రూకి సరిపడా లోతు ఇచ్చి రంధ్రం అక్కడితో ఆపేస్తారు, కింద గట్టి దిమ్మె మిగిలిపోతుంది (త్రీడీ ప్రింట్‌లో ఇది అస్సలు బయటపడదు, అందుకే ఆ ప్రింట్ శాంపిల్ బాగానే వచ్చి ఉంటుంది). రంధ్రాన్ని కవర్ గోడ దాకా దించండి. మోల్డ్‌లో (అచ్చులో) కోర్ పిన్, అంటే ఆ రంధ్రాన్ని ఏర్పరిచే పిన్, ఒక్కటి పొడుగుది మారిస్తే చాలు.

2. అప్పటికీ తగ్గకపోతే బాస్ గోడ మందం చూడండి, మీ కవర్ 2.5 మి.మీ. కాబట్టి 1.5 దాటకూడదు, అంటే కవర్ మందంలో 60 శాతం.

3. పక్కగోడకి అతుక్కున్న బాస్‌లని విడదీసి సన్నని రిబ్‌తో (పలుచని ప్లాస్టిక్ పట్టీతో) కలపండి.

2, 3 కి మోల్డ్‌లో స్టీల్ వెల్డ్ చేయాలి లేదా ఇన్సర్ట్ (విడి స్టీల్ ముక్క) వేయాలి, ఖర్చెక్కువ. 1 చేసి, మోల్డ్‌లోంచి ఒక శాంపిల్ తీశాకే వాటి జోలికి వెళ్లండి.