అడుగున తిరిగే చిన్న చేప ఏది? అక్వేరియం ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మాది రెండడుగుల ట్యాంకు, 60×30×30 సెం.మీ. పెట్టి ఎనిమిది నెలలైంది. మొక్కలు క్రిప్టులు, జావా ఫెర్న్, కొంత వాలిస్‌నేరియా ఉన్నాయి. చేపలు పది హార్లెక్విన్ రాస్‌బోరాలు, నాలుగు మగ గప్పీలు. అడుగున 4 మి.మీ. గ్రావెల్. కింద ఖాళీగా కనిపిస్తోందంటే షాపులో ఒక సక్కర్, రెండు కోరీలు తీసుకెళ్లమన్నారు, చెత్తంతా అవే తినేస్తాయట. మేలో మా ట్యాంకు నీళ్లు 31 డిగ్రీలకు వెళతాయి. ఏది తెచ్చుకోమంటారు?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: సక్కర్ వద్దండీ, ఎందుకో చివరి జవాబులో ఉంది. రెండే కోరీలు కూడా వద్దు, అడుగున గుంపుగా తిరిగే చిన్న చేపలివి. ఆరు స్టెర్‌బై కోరీలు తెచ్చుకోండి. అదీ అడుగున ఇసుక వేశాకే.

మీరు చివర్లో రాసిన 31 డిగ్రీల మాటే అన్నిటికంటే ముఖ్యం. షాపులో కోరీ అని ఒక్క పేరుతో అమ్మేవి చాలా రకాలు. చౌకగా దొరికే పెప్పర్ కోరీ అర్జెంటీనా, ఉరుగ్వేల చల్లని నీళ్లది. డార్విన్ బీగిల్ ఓడ ప్రయాణంలో సేకరించిన చేపల్లో ఇదొకటి. దానికి 18 నుంచి 24 డిగ్రీలు సుఖం. ముద్దుగా ఉందని అందరూ అడిగే పాండా కోరీ పెరూలో ఆండీస్ కొండల దిగువ వాగులది, దానికీ 25 దాటితే కష్టమే. కోస్తా ఎండాకాలంలో ఈ రెండూ రోజుకింత నీరసిస్తూ పోతాయి. స్టెర్‌బై బ్రెజిల్, బొలీవియా సరిహద్దులోని గ్వాపొరే నది చేప. 28 డిగ్రీల్లోనూ చలాకీగా తిరుగుతుంది, వేడి నీళ్లు కావాల్సిన డిస్కస్ చేపలు పెంచేవాళ్లు దీన్ని ఎంచుకునేది అందుకే. ముదురు తల మీద తెల్ల చుక్కలు, ముందు రెక్కల ముల్లు నారింజ రంగు, ఇవీ గుర్తులు. లేత తల మీద నల్ల చుక్కలుంటే అది హరాల్డ్‌షుల్ట్‌సీ. అదీ వేడికి ఆగే రకమే కాబట్టి పొరపాటున వచ్చినా ఇబ్బంది లేదు. 2024లో కోరీల వర్గీకరణ మారి స్టెర్‌బై హోప్లిసోమా అనే ప్రజాతిలోకి వెళ్లింది. లేబుల్ మీద ఆ పేరుంటే వేరే చేప అనుకోకండి.

అయినా 31 దానికీ ఎక్కువే. 25 డిగ్రీల నీళ్లలో లీటరుకు 8.3 మిల్లీగ్రాముల దాకా ఆక్సిజన్ కరుగుతుంది, 30 డిగ్రీల్లో 7.6 మించదు. మూత తీసి, దోమతెర వల బిగించి, చిన్న ఫ్యాను నీటి పైభాగానికి ఏటవాలుగా పెట్టండి. గాలిలో తేమ తక్కువున్న రోజుల్లో రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. ఆవిరైన నీటికి బదులు ఆర్‌ఓ నీళ్లు పోయండి. బోరు నీళ్లే పోస్తూ పోతే ఆవిరి కాని లవణాలు పోగుపడి నెల తిరిగేసరికి టీడీఎస్ పెరిగిపోతుంది. ఐసు సీసాలు మాత్రం వేయకండి, గంటలో నాలుగు డిగ్రీలు పడి మళ్లీ లేవడం చేపకు వేడికన్నా చెరుపు.

ఇక ఇసుక. కోరీ తినే తీరు దగ్గరగా చూస్తే ఇది ఎందుకో తెలుస్తుంది. మూతిని కళ్ల దాకా ఇసుకలో గుచ్చి, నోటి నిండా తీసుకుని, తిండి మింగి, మిగతా ఇసుకను మొప్పల్లోంచి వదిలేస్తుంది. 4 మి.మీ. రాయి మొప్పల్లోంచి పోదు. గ్రావెల్ సందుల్లో కుళ్లిన తిండి మధ్య మీసాలు రాసుకుని పుండ్లు పడతాయి, ఇన్‌ఫెక్షన్ సోకి మొదలంటా అరిగిపోతాయి. మీసాల్లేని కోరీకి తిండి వెతుక్కోవడం కష్టం.

మొత్తం ట్యాంకు విప్పక్కర్లేదు. క్రిప్టులు వేళ్లు కదిపితే ఆకులు కరిగిపోతాయి కాబట్టి వెనక సగం అలాగే ఉంచండి. ముందు 15 సెం.మీ. మేర గ్రావెల్ పూర్తిగా తీసి, చదును రాళ్లతో అడ్డు కట్టి, 3 సెం.మీ. మందాన ఇసుక వేయండి. మీ కొలతకు నాలుగున్నర కిలోలు సరిపోతుంది. గ్రావెల్ మీదే ఇసుక పోస్తే వారంలో సందుల్లోకి దిగిపోయి మళ్లీ రాళ్లే పైకొస్తాయి. నది ఇసుకను 1 మి.మీ. జల్లెడ పట్టి, నీళ్లు తేటగా వచ్చేదాకా కడగండి. గుప్పెడు ఇసుక మీద వెనిగర్ చుక్కలు వేస్తే బుసబుస పొంగిందా, అందులో గుల్ల ఉన్నట్టే, అది నీటి కాఠిన్యం పెంచుతుంది. ఇళ్ల పనికి వాడే ఎమ్‌శాండ్ జోలికి పోవద్దు. అది కొట్టిన రాయి, అంచులన్నీ పదును.

కోరీ చెత్తంతా తింటుందన్నది నిజం కాదు. మిగిలిన తిండి కొంత ఏరుకుంటుందేమో గానీ మిగతా చేపల రెట్ట ముట్టదు, పైగా తన రెట్ట కలుపుతుంది. దానికంటూ మునిగే పెల్లెట్లు, వారానికోసారి ఫ్రోజెన్ బ్లడ్‌వార్మ్ పెట్టాలి. లైటు ఆర్పాక వేయండి, లేకపోతే రాస్‌బోరాలే సగం కాజేస్తాయి. గంట తర్వాత మిగిలితే మర్నాడు తగ్గించండి. ట్యాంకులో ఇంకో ఆరు చేపలు చేరతాయి గనుక వారం వారం 30 శాతం నీళ్లు మార్చక తప్పదు. అప్పుడప్పుడూ పైకి దూసుకొచ్చి గాలి మింగితే భయపడకండి, వీటి పేగు కూడా గాలి పీల్చుకుంటుంది. ఆరూ నిమిషానికోసారి వస్తుంటే మాత్రం నీళ్లలో తేడా ఉందని అర్థం, వెంటనే అమోనియా, నైట్రైట్ చూడండి. రెండూ సున్నా ఉండాలి.

కొనేటప్పుడు రెండు జతల మీసాలు, నిండుగా ఉన్న పొట్ట చూసుకోండి. పొట్ట కింద ఎర్రటి మచ్చ ఉంటే వదిలేయండి. వలతో పట్టనివ్వకండి, రెక్కల ముళ్లు దారాల్లో చిక్కుకుంటాయి, డబ్బాతో తీయమనండి. బెదిరితే స్టెర్‌బై విషం లాంటి స్రావం వదులుతుంది. ఇరుకు సంచిలో అది తనకే ముప్పు. అందుకని ఆరింటినీ ఒకే సంచిలో కుక్కనివ్వకండి.

ప్రశ్న: ట్యాంకు పెట్టిన మూడో వారం గాజు మీద గోధుమ రంగు నాచు పట్టింది. నాచు తినే చిన్న చేపలని ఓటోసింక్లస్ నాలుగు తెచ్చాను. పది రోజుల్లో ఒక్కొక్కటే పోయాయి. నీళ్లు పరీక్షిస్తే బాగానే ఉన్నాయి.
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: ఎక్కువగా ఇవి ఆకలితోనే పోతాయి. అడవి నుంచి పట్టి, రోజుల తరబడి తిండి లేకుండా ప్రయాణం చేయించిన చేపలివి. మీ గాజు మీది నాచును నాలుగూ మూడు నాలుగు రోజుల్లో గీకేసి ఉంటాయి, ఆ తర్వాత కొత్త ట్యాంకులో తినడానికి ఏముంటుంది? రాళ్ల మీద, ముదురు ఆకుల మీద జిగురు పొర కట్టడానికి కనీసం మూడు నెలలు పడుతుంది. అప్పుడు ఆరు తెచ్చుకోండి. షాపులో గాజుకు అతుక్కున్నప్పుడు అవతలి వైపు నుంచి పొట్ట చూడండి. గుండ్రంగా ఉండాలి, లోపలికి పోయి ఉంటే కొనకండి. షాపుకు సరుకొచ్చి వారమైనా అయ్యాకే తీసుకోండి. ఇంటికొచ్చిన రోజు నుంచే వేడినీళ్లలో రెండు నిమిషాలు ఉంచిన కీరా ముక్క ఫోర్కుకు గుచ్చి రాత్రి అడుగున పెట్టి, పొద్దున్నే తీసేయండి. మొదట్లో ముట్టవు, నాలుగైదు రాత్రులు ఓపిక పట్టండి.

ప్రశ్న: మా కాలువలో వేలెడంత జెల్లలు దొరుకుతాయి. నియాన్ టెట్రాలతో వేయవచ్చా?
– ఒక పాఠకుడు, రాజమండ్రి

జవాబు: వద్దు. జెల్ల రాత్రిపూట వేటాడే చేప, ఇప్పుడు వేలెడే అయినా 15 సెం.మీ. దాకా పెరుగుతుంది. నోట్లో పట్టిన ప్రతి చేపనూ మింగుతుంది. పొద్దున్న లెక్కపెడితే టెట్రాలు తక్కువుంటాయి. నాలుగడుగుల ట్యాంకులో, తనంత చేపలతో అయితే జెల్లల గుంపు చూడ ముచ్చటే.

ప్రశ్న: రెండేళ్ల కిందట కొన్న సక్కర్ ఇప్పుడు 25 సెం.మీ. అయింది. అమెజాన్ స్వోర్డ్ ఆకులన్నీ గీకి తూట్లు పెట్టింది. ఊరి చెరువులో వదిలేయమంటారా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: దయచేసి వదలకండి. ఇది దక్షిణ అమెరికా చేప, మన చెరువుల్లో, నదుల్లో ఇప్పటికే వ్యాపించింది. దెయ్యం చేప అని మత్స్యకారులు తిట్టుకునేది దీన్నే. గట్టి ముళ్లతో వలలు చింపుతుంది, గట్లలో బొరియలు తవ్వి గుడ్లు పెడుతుంది, నీళ్లు ఇంకి బురద మిగిలినా గాలి పీల్చి బతుకుతుంది. 40 సెం.మీ. దాటి పెరుగుతుంది కాబట్టి ఆరడుగుల ట్యాంకు ఉన్నవాళ్లకివ్వండి, లేదా కొన్న షాపును వెనక్కి తీసుకోమని అడగండి. అంతవరకు రోజూ సాయంత్రం ఉడికించిన సొరకాయ ముక్క, మునిగే వేఫర్ పెట్టి, ఒక దుంగ వేయండి. కడుపు నిండితే ఆకుల మీద దాడి తగ్గుతుంది. దాని స్థానంలో మళ్లీ నాచు తినే చేపే కావాలంటే బ్రిసిల్‌నోజ్ తెచ్చుకోండి, అది 12 సెం.మీ. దగ్గర ఆగుతుంది. ఒక్కటి చాలు.