ఆఫ్రికాలోని టాంగన్యికా సరస్సు ఒడ్డున రోజంతా వెతికినా నీటి నాగు ఎందుకు కనిపించదు?

ఒడ్డున ఉంటే రాళ్ల సందుల్లో, వేటకు దిగితే నీటి అడుగున ఉంటుంది కాబట్టి. దీని తిండి దాదాపుగా చేపలే. వాటి కోసం 25 మీటర్ల లోతుకు కూడా దిగగలదు, ఒక్క ఊపిరితో పది నిమిషాల దాకా మునిగి ఉండగలదు. ఉదాహరణకు, మీ కళ్లముందే బండ పక్కన మునిగిందనుకోండి: అక్కడే చూస్తూ నిలబడితే, అది ఇంకెక్కడో తల తేల్చి గాలి పీల్చుకుని మళ్లీ మాయమవుతుంది. పైగా ఒళ్లు గోధుమరంగు, మెడ దగ్గర మాత్రమే రెండు మూడు నల్లపట్టీలు. తడిరాళ్ల మధ్య పోల్చుకోవడం కష్టమే.

నీళ్లలో పాము అనగానే మనకు నీరుకట్టు గుర్తొచ్చి, విషం లేదనుకుంటాం. కానీ నీటి నాగు నిజమైన నాగుజాతి, దీనిది నరాల మీద పనిచేసే విషం. మనిషిని చూస్తే మామూలుగా తప్పుకుపోతుంది. రాళ్ల సందుల్లో చెయ్యి మాత్రం పెట్టకండి.