ఇల్లు కట్టే డబ్బు, మనిషిని నిలబెట్టే డబ్బు

చిరంజీవి మేనకోడలికి, అత్త ఆశీస్సులు.

నీ ఉత్తరం చదివాను. షేర్లు అమ్మిన డబ్బులో కొంత శాన్ హోజేలో రోడ్ల మీద, వాగు ఒడ్డున బతుకుతున్నవాళ్ల కోసం ఇద్దామనుకుంటున్నారని తెలిసి చాలా సంతోషించాను. అల్లుడు దుప్పట్లు, భోజనాలు అంటున్నాడు. నువ్వేమో వాళ్ల కోసం కట్టే ఏదైనా బిల్డింగ్‌లో తాతయ్య పేరున రెండు గదులు కట్టించాలని ఉందన్నావు. ఈ కౌంటీలో ఇలాంటి ఇళ్ల లెక్కలు చూడటంలోనే నా ఉద్యోగమంతా గడిచింది కాబట్టి ఉన్నమాట చెబుతాను. మీ డబ్బు గోడలకి పెట్టకండి. గోడలు లేవకముందు జరగాల్సిన పనికి, లేచాక లోపల ఉండే మనిషికి పెట్టండి.

గోడలకి డబ్బు ఇచ్చేవాళ్లు వేరే ఉన్నారు. 2016 నవంబర్‌లో శాన్ హోజే ఉన్న మన శాంటా క్లారా కౌంటీ ఓటర్లు ఇళ్ల కోసం 95 కోట్ల డాలర్ల బాండ్లకి, అంటే కౌంటీ తెచ్చే అప్పుకి, ఒప్పుకున్నారు. అందులో 70 కోట్లు బాగా తక్కువ ఆదాయం ఉన్నవాళ్ల ఇళ్లకే. అంత డబ్బు ముందు మన రెండు గదులు ఏపాటి? అయితే అలాంటి బాండ్ డబ్బు స్థలానికీ కట్టడానికే వాడాలి. జీతాలకి వాడటానికి చట్టం ఒప్పుకోదు. అద్దె సంగతి కొంత నయం. అద్దెకున్నవాళ్లు తమ ఆదాయంలో సుమారు 30 శాతం కడితే, మిగతాది ఫెడరల్ వోచర్, అంటే కేంద్ర ప్రభుత్వమిచ్చే అద్దె సాయం, భరిస్తుంది. ప్రభుత్వం డబ్బు రానిదీ, వచ్చినా ఆలస్యంగా వచ్చేదీ మొదట్లోనూ చివర్లోనూ. దాతల అవసరం అక్కడే.

మొదట్లో ఏమవుతుందంటే, స్థలం యజమాని నెలలో ఏ సంగతీ చెప్పమంటాడు. అడ్వాన్సు, మట్టి పరీక్ష, ఆర్కిటెక్ట్ డ్రాయింగులు, లాయరు ఫీజు, ఇవన్నీ ప్రభుత్వం నుంచి పైసా రాకముందే కట్టాలి. చేతిలో డబ్బు లేని సంస్థ ఆ స్థలాన్ని మామూలు బిల్డర్‌కి వదిలేసుకుంటుంది. 2018లో సిస్కో కంపెనీ, ఇల్లు లేనివాళ్ల కోసం ఇక్కడ పనిచేసే డెస్టినేషన్ హోమ్ సంస్థకి అయిదేళ్లలో 5 కోట్ల డాలర్లు ఇస్తామంది. అందులో చాలా భాగం ఇలాంటి ముందు పనులకే ఉపయోగపడింది. శాన్ ఫ్రాన్సిస్కో బ్రయంట్ స్ట్రీట్‌లో దాతల డబ్బు ముందు నడిచింది, గదులు వల్లేహో ఫ్యాక్టరీలో తయారయ్యాయి. మూడేళ్లలో 145 ఇళ్లు, ఒక్కోటి 4 లక్షల డాలర్ల లోపే. ఆ ఊళ్లో అలాంటి బిల్డింగ్‌కి మామూలుగా అయ్యే కాలం, ఖర్చు అంతకంటే చాలా ఎక్కువ. మీలాంటివాళ్ల డబ్బు ఈ ముందు పనులకి అప్పిచ్చే నిధిలో తిరుగుతూ ఒక బిల్డింగ్ తరవాత ఇంకో బిల్డింగ్‌కి పనికొస్తుంది.

నా మనసంతా రెండో చోట ఉంది. పదేళ్లు టెంట్‌లో పడుకున్న మనిషికి తాళం చెవి ఇచ్చి వచ్చేస్తే పని అయిపోదు తల్లీ. కొందరు వారాల తరబడి మంచం వదిలేసి కింద పడుకుంటారు. తలుపు మూస్తే భయం. పాత స్నేహితులు వచ్చి గదిలో తిష్ట వేస్తే పొమ్మనలేరు. ఇన్సులిన్ ఫ్రిజ్‌లో పెట్టాలి, వైకల్య పింఛను కాగితాలు గడువులోపు పంపాలి, పక్కింటివాళ్లతో గొడవైతే అది ఇల్లు ఖాళీ చేయమనే నోటీసుదాకా వెళ్లకుండా చూడాలి. ఇదంతా చేసేది కేస్ మేనేజర్. ఒక్కరి చేతిలో ఇరవైమంది ఉంటే పని సాగుతుంది. నలభైమందిని అప్పగిస్తే ఎవరి ఇల్లు పోతుందా అని పరుగెత్తడమే మిగులుతుంది. పైగా కేస్ మేనేజర్‌గా చేసే అమ్మాయికిచ్చే జీతంతో ఈ ఊళ్లో తనకే అద్దె కట్టుకోవడం కష్టం. ఏడాదికో రెండేళ్లకో మానేసి వెళ్లిపోతుంది. అప్పుడు ఆ పెద్దాయన తన కథంతా మళ్లీ కొత్త మనిషికి మొదటినుంచి చెప్పుకోవాలి. చాలామంది చెప్పరు, తలుపు వేసుకుంటారు. ఇళ్లు పోవడం అక్కడినుంచే మొదలవుతుంది. అందుకే మూడేళ్లో అయిదేళ్లో వరసగా ఇస్తామని మాటిచ్చి, జీతాలకి వాడుకోమనండి. ఒకేసారి పెద్ద చెక్కు ఇవ్వడం కంటే అది మేలు.

అల్లుడు ఇంజనీరు కదా, రుజువు అడుగుతాడు. ఉంది. 2015లో ఇక్కడే, ఇల్లూ కేస్ మేనేజర్ సాయమూ కలిపి ఇచ్చే ప్రాజెక్ట్ వెల్‌కమ్ హోమ్ మొదలైంది. ఫౌండేషన్లు, గూగుల్ దాతృత్వ విభాగం, ఇంకొందరు కలిసి 69 లక్షల డాలర్లు ముందు పెట్టారు. ఫలితం వస్తేనే కౌంటీ తిరిగి కట్టాలని ఒప్పందం. శాన్ ఫ్రాన్సిస్కోలోని యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా పరిశోధకులు 423 మందిని లాటరీ పద్ధతిలో రెండు గుంపులు చేసి చూశారు. అందరికంటే కష్టమైన కేసులవి. ఈ కార్యక్రమంలో చేరినవాళ్లలో 86 శాతం మందికి ఇల్లు దొరికింది, మామూలు సాయమే అందిన రెండో గుంపులో 36 శాతానికే. మానసిక సమస్యలతో ఎమర్జెన్సీకి పరుగెత్తడం, షెల్టర్లలో గడపడం తగ్గాయి. మామూలు ఆస్పత్రి ఖర్చులు మాత్రం అనుకున్నంతగా తగ్గలేదు. కాబట్టి డబ్బు ఆదా అవుతుందని చెప్పి ఎవరినీ ఒప్పించకు. వయసు మళ్లిన జబ్బు మనిషికి తలుపున్న గది కావాలి, అది చాలు కారణం.

అల్లుడి దుప్పట్లకీ చోటుంది. కొత్తగా ఇంట్లో చేరేవాళ్లకి పరుపు, దుప్పటి, గిన్నెలు, మందుల డబ్బా కావాలి. వీటికి బాండ్ డబ్బు రాదు. గుడిలో ఆదివారం శాండ్‌విచ్‌లు చేసేవాళ్లని ఈ పనికి కూడా పిలవండి.

తాతయ్య పేరంటావా, నాకూ ఆశే, ఆయన మా నాన్న. గుళ్లోనో బడిలోనో అయితే నేనే రాయించేదాన్ని. కానీ ఇది ఒకరు కాపురముండే చోటు. రోజూ ఇంటికొచ్చేటప్పుడు గుమ్మం మీద దాత పేరు చదువుకుంటూ లోపలికి వెళ్లాల్సిన అవసరం ఏ మనిషికీ ఉండకూడదు. పేరు లేకుండా ఇవ్వండి.

డబ్బు డోనర్ అడ్వైజ్డ్ ఫండ్‌లో, అంటే ముందు దానంగా వేసి తరవాత ఏ సంస్థకి పంపాలో చెప్పే ఖాతాలో, వేస్తామన్నావు. పన్ను మినహాయింపు ఆ ఏడాదే వస్తుంది, కానీ దాన్ని బయటికి పంపాలని చట్టం ఏ గడువూ పెట్టదు. ఎందరి డబ్బో అలా ఏళ్ల తరబడి అక్కడే ఉండిపోతుంది. మీ ఇద్దరూ కూర్చుని ఒక తేదీ రాసుకోండి. చెక్కు నేరుగా సంస్థకి ఇస్తే, మీ కంపెనీ కూడా తన వంతు కలిపే మ్యాచింగ్ వస్తుందేమో కూడా చూసుకోండి.

ఇంకోటి, దీనికి పైసా ఖర్చు లేదు. మీ ఇంటి దగ్గర్లో ఇలాంటి బిల్డింగ్ అన్నప్పుడు వాట్సాప్ గ్రూపుల్లో గగ్గోలు మొదలవుతుంది. పిల్లల భద్రత, ఇంటి రేటు అంటారు. మనవాళ్లూ అంటారు. బహిరంగ విచారణకి వద్దనేవాళ్లే గుంపుగా వస్తారు. నువ్వు వెళ్లి, ఇక్కడే ఇల్లు కొనుక్కున్నాం, ఇద్దరు పిల్లలున్నారు, ఈ ఇళ్లు మా వీధి పక్కన కట్టండి అని రెండు నిమిషాలు మాట్లాడు. కౌన్సిల్ సభ్యులకి ఆ మాట చాలా అవసరం.

నువ్వు రాసిన రెండు సంస్థలకీ ఫోన్ చేసి ఇవి అడుగు. ఒక్కో కేస్ మేనేజర్ కింద ఎంతమంది ఉన్నారు? పోయినేడాది ఎంతమంది ఇల్లు వదిలారు, ఎక్కడికి వెళ్లారు? రాత్రిపూట డెస్క్‌లో ఎవరుంటారు? ఒకప్పుడు రోడ్డు మీద బతికినవాళ్లు బోర్డులో ఉన్నారా? ఆఫీసు ఖర్చు ఎంత శాతమని మాత్రం నిలదీయకు, ఆ జీతాలే కదా మనం నిలబెట్టాలనుకుంటున్నది. వాళ్లు ఏటా పన్ను శాఖకి ఇచ్చే లెక్కలు, ఫారం 990లు, ఎవరైనా చూడొచ్చు, డౌన్‌లోడ్ చేసి ఉంచు. శనివారం ఫోన్ చేస్తాను, ఇద్దరం కలిసి చూద్దాం.

మీ అత్త