ఫొటో ప్రశ్నలు: టాంగో జంట కెమెరా ముందు ఎందుకు బిగుసుకుపోతోంది?

ప్రశ్న: నమస్తే మేడమ్. పదేళ్ళుగా పోర్ట్రెయిట్‌లు తీస్తున్నాను. ఈమధ్య మొదటిసారి టాంగో (అర్జెంటీనా, ఉరుగ్వేల జంట నాట్యం) ఆడే ఒక జంటను స్టూడియోకి పిలిచాను. నల్ల బ్యాక్‌గ్రౌండ్, రెండు ఫ్లాష్‌లైట్లు, 85 ఎం.ఎం. లెన్స్, అపర్చర్ ఎఫ్/2.8. నెట్‌లో చూసిన ఫోజులు ఒక్కొక్కటే చూపించి పెట్టించాను. ఫోకస్ కుదిరింది, ఎక్స్‌పోజర్ కుదిరింది. కానీ ఫొటోల్లో ఇద్దరూ షాపులో నిలబెట్టిన బొమ్మల్లా ఉన్నారు. సరే, పాట పెట్టి ఆడమంటే పాదాలు మసకగా వచ్చాయి. షట్టర్ స్పీడు 1/200 దాటిస్తే ఫొటోలో ఒక పక్కన నల్లటి పట్టీ వస్తోంది. ఆరు ఫొటోలు జత చేస్తున్నాను. నా తప్పు ఎక్కడుంది? – ఒక పాఠకుడు

జవాబు: మీ ఆరు ఫొటోలనూ స్క్రీన్ మీద బాగా పెద్దవి చేసి చూశాను. లైట్ల సంగతి తర్వాత మాట్లాడుకుందాం. ముందు రెండో ఫొటోలో ఆమె ఎడమ చెయ్యి చూడండి. అతని భుజం మీద వాలినట్టు లేదు, పట్టుకుని వేలాడుతున్నట్టుంది. కోటు భుజం కుట్టు వేలెడు మందం పైకి లేచింది. మెడ దగ్గర కోటు కాలర్‌కీ చొక్కాకీ మధ్య ఖాళీ కనిపిస్తోంది. ఆమె వేలి కణుపులు తెల్లబడ్డాయి. ఇక కిందికి వస్తే, తేలిగ్గా నేలను తాకుతూ ఉండాల్సిన కాలి మీద కూడా సగం బరువు పడి ఉంది. మీకు బొమ్మల్లా అనిపించింది అందుకే.

టాంగోలో నాట్యం చేసేవాళ్ళ బరువు దాదాపు ఎప్పుడూ ఒక్క కాలి మీదే ఉంటుంది. రెండో కాలు ఖాళీగా, ఎటు పిలిస్తే అటు వెళ్ళడానికి సిద్ధంగా ఉంటుంది. అతను ఛాతీతో అడుగుతాడు, ఆమె అడుగుతో జవాబు చెబుతుంది. మీరు ‘అలాగే ఉండండి, కదలకండి’ అనగానే ఆ మాటామంతీ ఆగిపోతుంది. ఒంటికాలి మీద ఎంతసేపని నిలబడతారు? రెండో కాలు నేలను వెతుక్కుంటుంది, చెయ్యి భుజాన్ని గట్టిగా పట్టుకుంటుంది, ఊపిరి బిగుస్తుంది. కెమెరా ఇవన్నీ చూస్తుంది.

అందుకని వాళ్ళకి ఫోజు చెప్పకండి, దిక్కు చెప్పండి. నేను నేల మీద టేపుతో చిన్న గుర్తు పెడతాను. నడిపించే వ్యక్తికి ఒకటే మాట చెబుతాను: ‘మీ ఇష్టం వచ్చినట్టు ఆడండి. పాటలో ఒక చరణం ముగిసేటప్పుడు మాత్రం ఈ గుర్తు దగ్గర, కలిసిన చేతులు నా వైపు ఉండేట్టు ఆగండి.’ టాంగో కౌగిలికి ఒక పక్క మూసుకుని, ఒక పక్క తెరుచుకుని ఉంటుంది. అతని ఎడమ చేతిలో ఆమె కుడి చెయ్యి ఉన్న పక్క తెరిచిన పక్క. అక్కడి నుంచి తీస్తే ఇద్దరి ముఖాలూ దొరుకుతాయి. మూసిన పక్క నుంచి తీస్తే ఆమె వీపూ, దాని మీద అతని కుడి అరచెయ్యీ దొరుకుతాయి. రెండూ మంచి ఫొటోలే. వాటి మధ్య కోణం నుంచి తీస్తేనే ఒకరి తల ఇంకొకరిని కప్పేస్తుంది. మీ మూడు, నాలుగు ఫొటోల్లో జరిగింది అదే.

ఆగమంటే మళ్ళీ బిగుసుకుపోరా అని మీకు అనిపించవచ్చు. పోరు. ఆగడం టాంగోలో ఒక భాగం. స్పానిష్‌లో దాన్ని ‘పౌసా’ అంటారు. సంగీతం అడిగినప్పుడు వాళ్ళంతట వాళ్ళు ఆగితే ఆ ఆగడంలో కూడా కదలిక ఉంటుంది. ఆమె ఖాళీ కాలి బొటనవేలు నేల మీద మెల్లగా గీత గీస్తూ వచ్చి, రెండో చీలమండను తాకీ తాకకుండా నిలుస్తుంది. అదే మీరు నొక్కాల్సిన క్షణం.

ఆ క్షణం ముందే తెలియాలంటే పాట మీకు కూడా వచ్చి ఉండాలి. షూటింగ్ ముందురోజు వాళ్ళ పాటలు తెప్పించుకుని వినండి. కార్లోస్ ది సార్లి బృందం వాయించినవి నడకకీ, ఆగడానికీ బాగుంటాయి. హువాన్ దారియెన్సో లయ చురుకుగా ఉంటుంది, పాదాల ఫొటోలకు అది పెట్టండి. ఒస్వాల్దో పుగ్లియేసే సంగీతం సాగి సాగి ఒక్కసారిగా ఎగసిపడుతుంది, ఒళ్ళంతా చాచే కదలికలు అప్పుడు వస్తాయి. టాంగో సభల్లో మూడు నాలుగు పాటలను కలిపి ఒక ‘తాందా’ అంటారు, ఆ తర్వాత విరామం. స్టూడియోలో కూడా నేను ఇదే లెక్క పాటిస్తాను. మొదటి పాటకు కెమెరా ఎత్తను. వాళ్ళ ఒళ్ళు వేడెక్కాలి, నా కళ్ళు కూడా వాళ్ళకి అలవాటు పడాలి. ఈ ఒక్క పాట ఓపిక పట్టినందుకు నాకు దక్కినన్ని మంచి ఫొటోలు ఏ లెన్సూ ఇవ్వలేదు.

ఇప్పుడు మసక సంగతి. నల్ల పట్టీ మీ కెమెరా లోపం కాదు. షట్టర్‌కి రెండు తెరలుంటాయి. ఫ్లాష్‌కి సరిపోయే హద్దు (చాలా కెమెరాల్లో 1/200 లేదా 1/250) దాటితే, మొదటి తెర పూర్తిగా తెరుచుకునేలోగా రెండోది మూసుకోవడం మొదలుపెడుతుంది. అందుకే పట్టీ. చీకటి స్టూడియోలో కదలికను ఆపేది షట్టర్ కాదు, ఫ్లాష్ వెలిగి ఆరేంత సమయం. కంపెనీలు ఎక్కువగా ప్రకటించే అంకె, వెలుగు సగానికి తగ్గే వరకు పట్టే సమయం. దాన్ని టీ.5 అంటారు. మిగిలిన వెలుగు తోకలా సాగుతుంది. ఆ తోకను కూడా దాదాపు పూర్తిగా లెక్కేసేది టీ.1, అది టీ.5కి సుమారు మూడు రెట్లు ఉంటుంది. డబ్బా మీద 1/800 అని ఉంటే అసలు సంగతి 1/270 దగ్గర ఉందన్నమాట. బొలేయో అనే టాంగో కదలికలో కాలు కొరడాలా తిరుగుతుంది. ఆ పాదం సెకనుకు 5 మీటర్ల వేగంతో కదిలిందనుకుంటే, 1/270 సెకనులో దాదాపు 2 సెంటీమీటర్లు జరిగిపోతుంది. మీకు మసక కనిపించింది అక్కడే. 1/2000లో అదే పాదం జరిగేది రెండున్నర మిల్లీమీటర్లే.

మీ లైట్ల మాన్యువల్ తీసి టీ.1 ఎంతో చూడండి. ఐజీబీటీ రకం (వెలుగును మధ్యలోనే కోసేసే ఎలక్ట్రానిక్ స్విచ్ ఉన్న) లైట్లలోనూ, కెమెరా మీద పెట్టుకునే చిన్న ఫ్లాషుల్లోనూ పవర్ తగ్గించేకొద్దీ ఈ సమయం తగ్గుతుంది. పాతకాలం స్టూడియో లైట్లు చాలావాటిలో అది రివర్స్, పవర్ తగ్గిస్తే సమయం పెరుగుతుంది. మోడలింగ్ లైటు (ఫ్లాష్‌లోనే ఆరకుండా వెలిగే చిన్న బల్బు) బాగా తగ్గించండి. ఫ్లాష్ ఆపేసి ఒక ఫొటో తీయండి, ఫ్రేమ్ మొత్తం నల్లగా రావాలి. ఎక్కడైనా ఏదైనా కనిపిస్తే ఆ వెలుగు కూడా మీ పాదాలను మసకబారుస్తోందని అర్థం.

అపర్చర్ ఎఫ్/2.8 అని రాశారు. నిలువు ఫ్రేమ్‌లో తల నుంచి పాదం దాకా, పైన కాస్త ఖాళీతో పట్టాలంటే 85 ఎం.ఎం.తో ఐదున్నర, ఆరు మీటర్ల దూరం కావాలి. అక్కడ ఎఫ్/2.8లో ఫోకస్‌లో ఉండేది ముప్పావు మీటరే. ఇద్దరు మనుషులు తిరుగుతుంటే అది చాలదు. ఎఫ్/8కి వెళ్ళండి, రెండు మీటర్లకు పైగా దొరుకుతుంది. కెమెరాను నడుము ఎత్తుకు దించండి, కాళ్ళు పొడవుగా కనిపిస్తాయి. ముఖ్యమైన లైటును వాళ్ళకి దగ్గరగా పెట్టకండి. మీటరున్నర దూరంలో ఉన్న లైటు వైపు అర మీటరు జరిగితే వెలుగు రెండింతలు దాటుతుంది. అదే నాలుగు మీటర్ల దూరంలో ఉంటే మూడో వంతు కూడా పెరగదు. నల్ల కోటు నల్ల గోడలో కలిసిపోకుండా వెనక నుంచి రెండు వైపులా సన్నని స్ట్రిప్ సాఫ్ట్‌బాక్స్‌లు పెట్టి, వాటికి గ్రిడ్ (వెలుగు పక్కలకి చెదరకుండా ఆపే జాలీ) తగిలించండి.

ఇంకొక్క మాట, ఇది చాలా ముఖ్యం. పాదాల కింద బ్యాక్‌గ్రౌండ్ పేపర్ పరచకండి. నా మొదటి టాంగో షూటింగ్‌లో 2.72 మీటర్ల రోల్‌ను నేల మీదకి పరిచి దాని మీదే ఆడమన్నాను. ఆమె ఒంటికాలి మీద గిర్రున తిరగగానే పేపర్ ముడతపడింది, మడమ మొన దాన్ని చీల్చుకుని లోపలికి దిగింది, ఆమె తూలింది. అతను పట్టుకున్నాడు కాబట్టి సరిపోయింది. ఆ చిరిగిన చప్పుడు నాకు ఇప్పటికీ గుర్తుంది. చెక్క నేల మీదే ఆడనివ్వండి, పేపర్ వెనకాల వేలాడితే చాలు. నేల తడిగుడ్డతో తుడిచి, ఆరాకే వాళ్ళని పిలవండి. స్వెడ్ తోలు అరికాళ్ళ బూట్లకి దుమ్ము సరిపడదు.

ప్రశ్న: నాట్య స్టూడియోలోనే తీయాల్సి వచ్చింది. ఒక గోడంతా అద్దాలు. ఏ ఫొటోలో చూసినా నేనో, నా ఫ్లాషో కనిపిస్తున్నాం. – ఒక పాఠకురాలు

జవాబు: అద్దానికి ఎదురుగా నిలబడకండమ్మా, పక్కవాటంగా నిలబడండి. వెలుగు ఏ కోణంలో తగిలితే అదే కోణంలో అటు వెళ్ళిపోతుంది కాబట్టి లైటును కూడా అలాగే పక్కకు జరపండి. ఆ అద్దం మీకు శత్రువు కాదు. దగ్గరి కౌగిలిలో ఒకరి ముఖం కెమెరాకి కనిపిస్తే రెండోది అద్దంలో దొరుకుతుంది. అప్పుడు ఫోకస్ చూసుకోండి. అద్దంలోని ముఖానికి దూరం అంటే మీ నుంచి అద్దానికీ, అద్దం నుంచి ఆ మనిషికీ ఉన్న దూరాలు రెండూ కలిపి. ముఖ్యమైన ముఖం ఏదో తేల్చుకుని దాని మీదే ఫోకస్ పెట్టండి.

ప్రశ్న: ఆమె నోట్లో ఎర్ర గులాబీ పెట్టి తీయమని పత్రికవాళ్ళు అడిగారు. జంటకు అది నచ్చలేదు. ఎవరి మాట వినాలి? – ఒక పాఠకుడు

జవాబు: జంట మాట వినండి. బ్యూనస్ ఎయిర్స్‌లో, మాంటెవీడియోలో 19వ శతాబ్దం చివర్లో పుట్టి, ఇప్పటికీ అక్కడి హాళ్ళలో మామూలు జనం ఆడుకునే టాంగోలో నోట్లో గులాబీ ఉండదు. చెంపకి చెంప ఆనించి ఆడేవాళ్ళకి ముళ్ళున్న పువ్వుతో ఏం పని? అర్జెంటీనా, ఉరుగ్వే కలిసి అడిగితే 2009లో యునెస్కో తన వారసత్వ జాబితాలో చేర్చింది ఈ టాంగోనే. పత్రికవాళ్ళకు ఎరుపే కావాలంటే ఎర్రని తెర వెనకాల వేయండి, లేదా ఆమెకే ఎర్ర గౌను ఉందేమో అడగండి.

ప్రశ్న: కదలిక గీతల్లా కనిపిస్తూ, చివర్లో మనిషి స్పష్టంగా ఉండే ఫొటో ఎలా తీస్తారు? – ఒక విద్యార్థి

జవాబు: ఆరకుండా వెలిగే చిన్న లైటు ఒకటి పక్క నుంచి పెట్టు. షట్టర్ అర సెకను. ఫ్లాష్‌ను రియర్ కర్టెన్‌లో పెడితే అది చివర్లో వెలుగుతుంది, గీతలు మనిషి వెనకాల ఉంటాయి. మామూలు పద్ధతిలో ఫ్లాష్ మొదట్లోనే వెలిగి గీతలు ముందుకు పోతాయి, మనిషి వెనక్కి నడుస్తున్నట్టుంటుంది. ‘ఓచో’ అనే ఎనిమిది ఆకారపు అడుగుతో మొదలుపెట్టు, గౌను అంచు గాల్లో అదే ఆకారం గీస్తుంది. ఇది నచ్చితే జోన్ మిలి ఫొటోలు వెతికి చూడు. ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ చదివి ఫొటోగ్రఫీకి వచ్చిన మనిషి. వరసగా వెలిగే ఫ్లాష్‌తో నాట్యకారుల కదలికను ఒకే ఫ్రేమ్‌లో మెట్లు మెట్లుగా చూపించాడు.

ప్రశ్న: నేను ఫొటోగ్రాఫర్‌ని కాదు, టాంగో ఆడతాను. ఈమధ్య ఒక స్టూడియోలో ఫొటోగ్రాఫర్ అడక్కుండా నా నడుం పట్టుకుని తిప్పాడు, మోకాలు చేత్తో పట్టి పైకెత్తాడు. నాకు చాలా బాధేసింది. షూటింగ్ పాడవుతుందని ఊరుకున్నాను. ఇంత దగ్గరగా ఆడే నాట్యం చేస్తూ ఇలా అనుకోవడం నా తప్పా? – ఒక నాట్యకారిణి

జవాబు: తప్పు మీది కాదమ్మా, ఇసుమంత కూడా కాదు. టాంగో సభలో పిలవడానికి కూడా ‘కబెసేయో’ అని ఒక మర్యాద ఉందని మీకు నాకంటే బాగా తెలుసు. దూరం నుంచి చూపు కలపడం, చిన్నగా తల ఊపడం, అవతలి మనిషి ఒప్పుకుంటేనే లేచి వెళ్ళడం. ఒప్పుకోకపోతే చూపు తిప్పుకుంటారు, ఎవరికీ అవమానం ఉండదు. మీరు ఆ కౌగిలికి ఒప్పుకున్నది మీ జతగాడితో. కెమెరా పట్టుకున్నంత మాత్రాన ఆ ఒప్పుకోలు మూడో మనిషికి రాదు.

ముప్పై ఏళ్ళుగా ఈ పని చేస్తున్నాను. నాట్యం చేసేవాళ్ళ ఒంటిని చేత్తో సర్దాల్సిన అవసరం నాకు ఎప్పుడూ రాలేదు. మోకాలు పైకి కావాలంటే నా మోకాలు ఎత్తి చూపిస్తాను, లేదా మాటతో చెబుతాను. గౌను మడత సరిచేయాలన్నా జంటనే అడుగుతాను. ఈసారి వెళ్ళేటప్పుడు ముందే ఫోన్ చేసి మూడు సంగతులు అడగండి. తాకకుండా పని చేస్తారా? విరామంలో ఫొటోలు మాకు చూపిస్తారా? నచ్చనివి అక్కడే తీసేస్తారా? జవాబు చెప్పడానికి తడబడితే వెళ్ళొద్దు. మొన్నటి ఫొటోలు ఎక్కడా వాడొద్దనుకుంటే ఆ ఫొటోగ్రాఫర్‌కి ఈ వారమే రాతపూర్వకంగా పంపండి. ఎలా రాయాలో తెలియకపోతే నాకు రాయండి, ఇద్దరం కూర్చుని రాద్దాం.