జాతీయ పర్యావరణ వ్యవస్థల మదింపు విజయవాడ వాతావరణ ప్రణాళికకు ఎలా పనికొస్తుంది?

అడవి, చిత్తడి నేల ఎన్ని ఎకరాలో చెప్పి వదిలేస్తే అది మదింపు కాదు. అవి మనకు చేస్తున్న పని ఎంత, అది ఎక్కడ దెబ్బతింటోందో తేల్చాలి.

విజయవాడ పక్కన పారే బుడమేరు వాగునే చూడండి. 2024 సెప్టెంబరులో గట్లకు గండ్లు పడి నగరంలోని సింగ్‌నగర్ మునిగింది. బుడమేరు కొల్లేరు సరస్సులో కలుస్తుంది, అక్కడి నీరు ఉప్పుటేరు మీదుగా సముద్రానికి పోవాలి. చేపల చెరువుల గట్లు అడ్డుపడినా, ఉప్పుటేరు పూడినా ఆ దారి మూసుకుపోతుంది. అంటే నగర వరద ప్రణాళికలో పక్క జిల్లా సరస్సు కూడా ఉండాలి. అందుకే కొల్లేరు ఎంత నీరు పట్టగలదో టీఎంసీల్లో రాయండి; ఇరిగేషన్ ఇంజినీరు వాడేది ఆ లెక్కే. ఉపగ్రహ పటాలు మే నెలవీ, వానల తర్వాతవీ రెండూ తీసుకోండి. ఒక్క సీజన్ పటంతో సరస్సు విస్తీర్ణం తప్పు వస్తుంది.

ఎక్కువగా పొరబడేది కార్బన్ లెక్కలో, అంటే చెట్లూ నేలా ఎంత కార్బన్ పట్టి ఉంచాయో లెక్కించడంలో. ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా నిర్వచనంలో హెక్టారు దాటి, కనీసం 10 శాతం చెట్ల నీడ ఉన్న నేలంతా అటవీ విస్తీర్ణమే. నూజివీడు మామిడితోటలు కూడా అందులోకే వస్తాయి. వాటిని కొండపల్లి అడవితో కలిపేసి విధానం రాయకండి, దయచేసి విడివిడిగా చూపించండి. తోట కొట్టేస్తే ఆ కార్బన్ నిల్వ పోయినట్టే.