సేవలో సంతోషం కావాలంటే రాత్రికి ఆ ఊళ్ళోనే ఉండండి

మీ ప్రశ్న ఇది: "నేను, నా భార్య ఒక చిన్న సంఘంలో సేవ చేస్తున్నాం. ఆరాధనలు, ఉపవాస ప్రార్థనలు, పల్లెలు తిరగడం, ఇంటికి వచ్చిపోయే మనుషులు, వీటితోనే రోజులు గడిచిపోతున్నాయి. మొదట్లో ఉన్న సంతోషం ఇప్పుడు లేదు. మీలో ఎవరికైనా ఇలా అయ్యిందా? ఏం చేశారు?"

పల్లెలు తిరగడాన్ని, ఇంటికొచ్చే మనుషుల్ని మీరు భారాల్లో లెక్కేశారు. నేను పాస్టరు భార్యను. మా కాపురం ఒంగోలులో, మా వారి సేవ ఎక్కువగా కనిగిరి, పామూరు వైపు పల్లెల్లో. నాకు సేవలో సంతోషం దొరికిందంతా మీరు భారం అంటున్న ఆ రెండు చోట్లే. అందుకే జవాబు రాయకుండా ఉండలేకపోయాను.

ఒక రాత్రి సంగతి చెప్తాను. డిసెంబరు నెల. కనిగిరి దాటాక లోపలికి ఉన్న ఒక ఊళ్ళో ఇంటి ప్రార్థన పెట్టుకున్నారు. వాక్యం అయిపోయాక ఒక్కొక్కరే వచ్చి ప్రార్థన చేయించుకున్నారు. బిడ్డకు జ్వరమని ఒకరు, అల్లుడు తాగుతున్నాడని ఒకరు, అప్పులవాళ్ళ టెన్షన్ అని ఇంకొకరు. అందరికీ ప్రార్థన చేసేసరికి ఆఖరి బస్సు వెళ్ళిపోయింది. ఆటో కోసం మా వారు ఫోన్లు చేస్తుంటే ఒక పెద్దమ్మ అడ్డమొచ్చింది. "ఇంత చలిలో యాడికి పోతారు అయ్యగారూ, మా ఇంట్లో పడుకోండి. మాకు మంచం ఉంది" అంది. మంచం ఉందని రెండుసార్లు చెప్పింది.

రేకుల ఇల్లు. ఒకటే గది, బయట వసారా. కొడుకు, కోడలు హైదరాబాదులో బేల్దారి పనికి పోయారు, ఇంట్లో ఆమె ఒక్కతే. వసారాలో కందికంప వేసి పొయ్యి రాజేసింది. నేను సాయం చేయబోతే ఒప్పుకోలేదు. ఎసరు మరిగేలోపే ఆ వీధి మొత్తానికి సంగతి తెలిసిపోయింది. పక్కింటామె గిన్నెలో పెరుగు తెచ్చిచ్చింది. ఇంకో ఇంటి పిల్లాడు లాగు జేబులోంచి రెండు కోడిగుడ్లు జాగ్రత్తగా తీసి ఆమె చేతిలో పెట్టి పరుగెత్తాడు. అన్నం, పచ్చిపులుసు, గుడ్డు పొరుటు, పెరుగు. ఆమె లోపలికి పోయి ట్రంకు పెట్టె తెరిచి, చీరల అడుగునుంచి రెండు స్టీలు కంచాలు తీసింది. అంచున కొడుకు పేరు, కోడలి పేరు, పెళ్ళి తేదీ చెక్కి ఉన్నాయి. మా కళ్ళ ముందే కడిగి కొంగుతో తుడిచి అన్నం పెట్టింది.

తింటూ ఉండగా నీళ్ళ దగ్గర నా చూపు ఆగిపోయింది. గోడవార ఇరవై లీటర్ల నీళ్ళ క్యాను ఉంది. మా గ్లాసుల్లోకి ఆ క్యాను వంచి పోసింది. తనకు మాత్రం మూల ఉన్న బిందెలోంచి ముంచుకుంది. ఆ ప్రాంతం తెలిసినవాళ్ళకు విడమర్చి చెప్పనక్కర్లేదు. కనిగిరి చుట్టుపక్కల బోరు నీళ్ళలో ఫ్లోరైడు ఎక్కువ. చిన్నపిల్లల పళ్ళకే గార పట్టి ఉంటుంది. పెద్దవాళ్ళకు కీళ్ళు బిగుసుకుపోతాయి, నడుం వంగిపోతుంది. ఆ పెద్దమ్మ మోకాళ్ళు కూడా పూర్తిగా వంగవు. వడ్డించడానికి గోడ పట్టుకుని కూర్చుంది. "నువ్వు కూడా ఆ నీళ్ళే తాగు పెద్దమ్మా" అన్నాను. "నాకేముందిలే తల్లీ, పట్టాల్సింది ఎప్పుడో పట్టింది. మీరు ఊళ్ళు తిరిగేవాళ్ళు, మీ కాళ్ళు బాగుండాలి" అంది.

ఆ నీళ్ళు ఆమె డబ్బులు పెట్టి కొన్నవి. కూలి డబ్బులు. వెలిగొండ ప్రాజెక్టు సొరంగాలు తవ్వుతున్నారు, కృష్ణ నీళ్ళు వస్తాయి అని మా జిల్లాలో ఒక తరం పుట్టి పెద్దదైపోయింది. ఎన్నికలొచ్చినప్పుడల్లా ఆ సొరంగాల ఫొటోలు గోడలమీద కనిపిస్తాయి. మన క్రైస్తవ సభల్లో జీవజలం గురించి ఎంత బాగా చెప్తామో, తాగే నీళ్ళ గురించి ఒక్క అర్జీ కూడా రాయించం. ఈ మాట అన్నందుకు నాతో మాట్లాడడం మానేసినవాళ్ళున్నారు. మళ్ళీ అంటున్నాను.

భోజనాలయ్యాక మంచం మాకిచ్చి తను కింద బొంత పరుచుకుంది. ఎంత బతిమాలినా వినలేదు. చీకట్లో మాటలు మొదలయ్యాయి. మీ పిల్లలేం చదువుతున్నారు, మీ అమ్మానాన్న ఉన్నారా, ఇల్లు సొంతమా అద్దెదా అని అడిగింది. చివరికి, "మీకేమన్నా అప్పుందా అమ్మగారూ?" అంది. ఉందని చెప్పాను. ఎంతని అడిగి, లేచి కూర్చుని, ఆ మొత్తం పేరు పెట్టి మరీ ప్రభువును అడిగింది. మా కోసం ప్రార్థన చేసేవాళ్ళు చాలామంది ఉన్నారు. 'మా దైవజనుల్ని బలపరచు ప్రభువా' అంటారు. మా అప్పు సంగతి అడిగి దాని కోసం ప్రార్థన చేసిన మనిషి ఆమే. పాస్టరు ఇంట్లో కూడా బియ్యం అయిపోతాయని, ఫీజులు కట్టాల్సి ఉంటుందని సంఘంలో ఎవరికీ తట్టదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అంత సంతోషంగా ఉంది. మా వారు కూడా మేలుకునే ఉన్నారని తెల్లారాక తెలిసింది.

పొద్దున బయల్దేరేటప్పుడు ఉడకబెట్టిన కందికాయలు తుండులో మూటకట్టి ఇచ్చింది. ఇంకా వేడిగా ఉన్నాయి. బస్సులో ఒలుచుకుంటూ తిన్నాం. ఇప్పుడు ఆ వైపు ఎప్పుడు వెళ్ళినా కనిగిరిలో రెండు క్యాన్లు ఆటోలో వేయించుకుని వెళ్తాం. ఆమెకు కోపం వస్తుంది. రానివ్వండి.

ఇప్పుడు మీ విషయానికి వస్తాను. సేవలో సంతోషం పోయిందన్నవాళ్ళను చాలామందిని చూశాను. ఒక్కటి గమనించాను. వాళ్ళందరూ వెళ్ళి వాక్యం చెప్పి వచ్చేసేవాళ్ళే. కారు దిగడం, స్టేజీ ఎక్కడం, కానుక తీసుకోవడం, కారెక్కడం. ఈమధ్య ఒక ఊళ్ళో సభలకు వచ్చిన ప్రసంగీకుడు, ఊరివాళ్ళు కోడి కోసి వండి పెట్టుకుంటే, టౌనులో లాడ్జికి పోయి పార్సిల్ తెప్పించుకున్నాడు. పేరు చెప్పను. వండిన ఆడవాళ్ళ మొహాలు చూడలేకపోయాను. అలాంటి సేవలో సంతోషం ఎక్కడినుంచి వస్తుంది? జనం మనకు ఇవ్వగలిగింది అన్నం ఒక్కటే. అదీ తీసుకోకపోతే వాళ్ళ దగ్గర మనం ఏమీ తీసుకోనట్టే. ఇచ్చి ఇచ్చి ఎండిపోతాం.

లూకా సువార్త 10వ అధ్యాయం ఒకసారి మొదటినుంచి చివరిదాకా ఒకే బిగిన చదవండి. మొదట్లో యేసు డెబ్బైమందిని ఇద్దరిద్దరిగా ఊళ్ళకు పంపుతాడు. సంచి వద్దు, ఇంటింటికీ మారొద్దు, ఒక ఇంట్లోనే ఉండండి, పెట్టింది తినండి అంటాడు. అధ్యాయం చివరికొచ్చేసరికి ఆయనే మార్త ఇంటికి చుట్టంగా వస్తాడు. ప్రయాణం, భోజనం. వాటి మధ్యలోనే మంచి సమరయుడి కథ. అక్కడా ఒక ప్రయాణం, ఒక పూటకూళ్ళ ఇల్లు ఉన్నాయి. ఇదంతా ఊరికే ఒక్కచోటికి రాలేదని నా గట్టి నమ్మకం.

మార్త పేరు వచ్చింది కాబట్టి ఒక మాట. ఆ ఇంట్లో మార్త వడ్డన పనుల్లో ఉంటే, చెల్లెలు మరియ యేసు మాటలు వింటూ కూర్చుంది. మార్తలా ఉండకండి, మరియలా ఉండండి అనే ప్రసంగం మా ఇంట్లో ఎన్నిసార్లు విన్నానో. చెప్పేవాళ్ళు అంతకుముందే నేను వండింది తిని ఉంటారు. వంటగదిలో ఉన్న ఆడమనిషికి ఆ ప్రసంగం సగమే వినపడుతుంది, ఆ సగం కూడా తిట్టులా వినపడుతుంది. యోహాను 12వ అధ్యాయంలో, చనిపోయిన వాళ్ళ తమ్ముడు లాజరు బతికొచ్చాక బేతనియలో విందు చేస్తే అక్కడా వడ్డించింది మార్తే. అప్పుడు యేసు ఆమెను ఒక్క మాట అనలేదు. ఆ అధ్యాయం మీద ప్రసంగం చెప్పేటప్పుడు మరియ యేసు పాదాలకు పూసిన అత్తరు దగ్గరే ఆగిపోతారెందుకు?

మా జిల్లాలో క్రైస్తవ్యం నిలబడిందే నడక మీద, అన్నం మీద. 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున, వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజులో 2222 మంది బాప్తిస్మం తీసుకున్నారని మా సంఘాల్లో చిన్నపిల్లలు కూడా చెప్తారు. ఇక్కడ మిషను నడిపిన అమెరికా మిషనరీ క్లౌ దొర పేరు ఆసుపత్రికి వచ్చింది, అందరికీ తెలుసు. మరి యర్రగుంట్ల పేరయ్య పేరు ఎందరికి తెలుసు? తోళ్ళ వ్యాపారం మీద ఊరూరూ తిరిగిన మాదిగ మనిషి. 1866లో ఆయన, ఆయన భార్య నాగమ్మ బాప్తిస్మం తీసుకున్నారు. ఆ తర్వాత ఆయన వెళ్ళిన ఊళ్ళల్లో చుట్టాల ఇళ్ళున్నాయి, ఆ ఇళ్ళలో తిన్నాడు, పడుకున్నాడు, మాట్లాడాడు. సువార్త ఆ చుట్టరికాల వెంటే పోయింది. 2222 మంది ఆకాశంలోంచి ఊడిపడలేదు. ఎన్ని ఇళ్ళలో ఎందరు నాగమ్మలు సంకటి కెలికితే ఆ రోజు వచ్చిందో ఎవరూ రాసిపెట్టలేదు.

దోర్నకల్ అజరయ్య గారి సంగతి కూడా చెప్పాలి. 1910లో ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీల పెద్ద సభ జరిగితే, ఆయన లేచి తెల్లవాళ్ళ ముందే అన్నారు. మీరు పేదలకు ఆస్తులు పంచారు, మీ ప్రాణాలు కూడా ఇచ్చారు, మాకు ప్రేమ కూడా కావాలి, మాకు స్నేహితుల్ని ఇవ్వండి అని. రెండేళ్ళకు ఆయనే దోర్నకల్‌కు బిషప్ అయ్యారు, ఆంగ్లికన్ సంఘంలో (ఇంగ్లండు చర్చికి చెందినది) మొట్టమొదటి భారతీయ బిషప్. అయ్యాక ఎద్దులబండి కట్టించుకుని పల్లెల వెంట తిరిగారు. స్నేహితుల్ని ఇవ్వండని అడిగిన మనిషి తానే ఊళ్ళకు స్నేహితుడయ్యాడు.

ఇక్కడ ఒక చేదు మాట చెప్పక తప్పదు. ఇప్పటికీ కొందరు సేవకులు మాదిగపల్లెలో ప్రార్థన చేస్తారు, అక్కడ మంచినీళ్ళు ముట్టరు. ఒక పల్లెలో తిని ఇంకో పల్లెలో 'ఉపవాసం' అంటారు. రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ప్రభువు బల్లలో మాత్రం అందరూ ఒకటే అని చెప్తారు. మా నాన్న నన్ను చిన్నప్పుడు హైదరాబాదులో హెబ్రోను కూటాలకు తీసుకెళ్ళాడు. సువార్తికుడు భక్తసింగ్ గారు మొదలుపెట్టిన చోటు అది. వేలమంది, చాపల మీద వరుసలు, ఆఫీసరైనా కూలీ అయినా ఒకే అన్నం, ఒకే కూర. దాన్ని ప్రేమవిందు అంటారు. అక్కడ విన్న ప్రసంగాల్లో ఒక్కటీ నాకు గుర్తులేదు. నా పక్కన కూర్చుని తన విస్తట్లో వంకాయ ముక్క తీసి నాకు పెట్టిన ముసలాయన మాత్రం గుర్తున్నాడు. అలాంటి వరుసలో కూర్చోలేని సేవకుడికి సంతోషం రాదు. రాకూడదు కూడా.

ఇంటికొచ్చే మనుషుల గురించి. మా ఇంటికి పల్లెలనుంచి పెద్దాసుపత్రికి వచ్చేవాళ్ళు వస్తుంటారు, కాన్పుకో ఆపరేషనుకో. మొదట్లో అందరికీ నేనే చేసిపెట్టేదాన్ని. తర్వాత ఒక పద్ధతి పెట్టుకున్నాను. వచ్చినవాళ్ళకు పని చెప్తాను. ఒకరు ఉల్లిపాయలు తరుగుతారు, ఒకరు పప్పు ఏరతారు. తిన్న కంచం మగవాళ్ళయినా ఎవరిది వాళ్ళే కడగాలి. మా వారు అందరికంటే ముందు లేచి తన కంచం కడుగుతారు, దాంతో ఇంకెవరూ మాట్లాడరు. పని చెప్పాక వాళ్ళకు మొహమాటం పోయింది, నాకు అలసట పోయింది. ఆసుపత్రి భయాలన్నీ ఆ ఉల్లిపాయల దగ్గరే చెప్పుకుంటారు. సణుక్కోకుండా ఆతిథ్యం చేయమని పేతురు రాశాడు కదా, సణుగుడు రాకుండా ఉండాలంటే ఇదొక్కటే దారి.

మీరు చేయాల్సింది ఒక్కటి చెప్తాను. మీ సంఘంలో ఇంతవరకు మీరు భోంచేయని ఇళ్ళు గుర్తుచేసుకోండి. తప్పకుండా ఉంటాయి, అవి ఎందుకు మిగిలిపోయాయో కూడా మీకు తెలుసు. అందులో అన్నిటికంటే పేద ఇంటికి కబురు పంపండి, శనివారం సాయంత్రం వస్తాం, రాత్రికి ఉంటాం, మీరేం తింటే మాకూ అదే పెట్టండి అని. వెళ్ళేటప్పుడు బియ్యం, పప్పు తీసుకెళ్ళండి, కానీ వాళ్ళింట్లో వండింది తిన్నాకే అవి ఇవ్వండి. మీ భార్యను వెంట తీసుకెళ్ళండి. ఆ పూట ఆమె గరిటె పట్టకూడదు. వాక్యం కోసం పెద్దగా తయారు కాకండి. వాళ్ళు మాట్లాడతారు, మీరు వినండి. మీ కోసం ప్రార్థన చేయమని వాళ్ళను అడగండి, అప్పుంటే ఎంతో కూడా చెప్పండి.