మాస్టారిని అడగండి: గ్రాఫ్ థియరీలో పీహెచ్‌డీ, కాలవ గట్టు లెక్క

ప్రశ్న: మాస్టారూ, ఎమ్మెస్సీ మ్యాథ్స్ పూర్తి చేశాను. గ్రాఫ్ థియరీ అంటే ఇష్టం. నాన్నగారేమో బీఈడీ చేసి డీఎస్సీ రాయమంటున్నారు. తెలిసిన లెక్చరర్ ఒకాయన "లేబులింగ్ మీద చెయ్యమ్మా, పేపర్లు గబగబా వస్తాయి" అన్నారు. అసలు ఇందులో రీసెర్చ్ అంటే రోజంతా ఏం చేస్తారు?
– ఒక పాఠకురాలు, రాజోలు

జవాబు: ఏం చేస్తారో ముందు చెబుతానమ్మా. గ్రాఫ్ అంటే కొన్ని చుక్కలు, వాటిని కలిపే గీతలు; ఇక్కడ మనుషులు చుక్కలు, పరిచయాలు గీతలు. సఖినేటిపల్లి రేవులో పంటు కోసం ఆరుగురు నిలబడ్డారనుకో. వాళ్లలో ఒకరికొకరు తెలిసిన ముగ్గురైనా ఉంటారు, ఒకరికొకరు బొత్తిగా తెలియని ముగ్గురైనా ఉంటారు. ఎవర్ని తెచ్చి నిలబెట్టినా ఇది తప్పదు. ఒక మనిషిని పట్టుకో. మిగతా ఐదుగురిలో అతనికి తెలిసినవాళ్లు ముగ్గురుండాలి, లేదా తెలియనివాళ్లు ముగ్గురుండాలి. తెలిసినవాళ్లే ముగ్గురనుకుందాం. వాళ్లలో ఏ ఇద్దరికి పరిచయమున్నా, ఇతనితో కలిపి మనకు కావలసిన ముగ్గురు దొరికారు. ఏ ఇద్దరికీ లేకపోతే ఆ ముగ్గురే ఒకరికొకరు తెలియనివాళ్లు. రెండో వైపూ ఇదే వాదన.

ముగ్గురికి బదులు నలుగురు కావాలంటే రేవులో 18 మంది ఉండాలి. ఆ సంగతి 1955లో గ్రీన్‌వుడ్, గ్లీసన్ తేల్చారు. ఐదుగురు కావాలంటే? జవాబు 43 నుంచి 46 లోపల ఎక్కడో ఉంది. పై హద్దు 46కి దిగింది కూడా మొన్న 2024లోనే. ఇన్ని కంప్యూటర్లున్నా ఆ నాలుగు అంకెల్లో ఏదో ఇంకా తెలియదు. రోజంతా మేం చేసేది ఇలాంటి ప్రశ్నను వదలకుండా పట్టుకుని కూర్చోవడమే. చిన్న బొమ్మలు గీస్తాం, చిన్న ప్రోగ్రాం రాసి చూస్తాం, పొద్దున నిజమనుకున్నది సాయంత్రానికి చెరిపేస్తాం. నా మొదటి పేపరైతే అచ్చుకి ముందు దాన్ని పరీక్షించే రెఫరీ దగ్గరే ఏడాది దాటి పడి ఉంది. టెన్షన్ పడే మనిషికి ఈ పని కష్టం.

ఇక లేబులింగ్. ప్రశ్న మంచిదే. నాలుగు చుక్కలు వరసగా గీతలతో కలుపు, వాటికి 0, 3, 1, 2 అని అంకెలు వెయ్యి. పక్కపక్క అంకెల తేడాలు 3, 2, 1 వచ్చాయి, ఒక్కటీ మళ్లీ రాలేదు. ఎక్కడా చుట్టుకుని మళ్లీ కలవకుండా కొమ్మలుగా చీలే ప్రతి బొమ్మకీ ఇలా, చుక్కలెన్నుంటే 0 నుంచి వరసగా అన్నే అంకెలు, ఏ తేడా మళ్లీ రాకుండా వెయ్యొచ్చా? అలెగ్జాండర్ రోజా 1967లో ఈ రకం లేబులింగ్‌ని ముందుకు తెచ్చాడు. ప్రతి బొమ్మకీ వెయ్యొచ్చని ఇప్పటికీ ఎవరూ నిరూపించలేదు. దాని మీద పని చేస్తానంటే చేతులెత్తి దీవిస్తాను. కానీ గబగబా వచ్చే పేపర్లు ఆ ప్రశ్న జోలికి పోవు. ఫలానా ఆకారానికి వేశాం, దానికి ఇంకో తోక తగిలించి మళ్లీ వేశాం, అంతే. అలాంటివి పాతిక రాసినవాళ్లని ఇంటర్వ్యూలో కూర్చోబెట్టి "ఇందులో నీకు ఆశ్చర్యం వేసింది ఏది?" అని అడిగాను. పాపం, నీళ్లు నమిలారు. అందుకే గైడ్‌ని ఎన్ని పేపర్లున్నాయని అడక్కు, ఇప్పుడు ఏ ప్రశ్న మీద ఉన్నారని అడుగు. ఉత్సాహంగా బోర్డు దగ్గరికి లేచారా, అక్కడ చేరిపో.

డబ్బు సంగతి నాన్నగారికి చెప్పు. సీఎస్‌ఐఆర్-యూజీసీ నెట్ అనే జాతీయ పరీక్షలో జేఆర్‌ఎఫ్ (రీసెర్చ్ చేసేవాళ్లకిచ్చే ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్లు నెలకి 37,000, ఆ తర్వాత 42,000 రూపాయలు. ఎన్‌బీహెచ్‌ఎం (ఉన్నత గణితానికి ఉన్న జాతీయ బోర్డు) స్కాలర్‌షిప్ పరీక్ష కూడా రాయి. మన దేశంలో గ్రాఫ్ థియరీ చేసేవాళ్లలో చాలామంది కంప్యూటర్ సైన్స్ డిపార్ట్‌మెంట్లలో ఉంటారు, అటూ చూడు. లీనియర్ ఆల్జీబ్రా, ప్రాబబిలిటీ గట్టిగా ఉండాలి. డీఎస్సీ కూడా తీసిపారేసే సలహా కాదు, కానీ జేఆర్‌ఎఫ్‌కి వయసు పరిమితి ఉంది. నెట్ ముందు రాసెయ్.

ప్రశ్న: అయ్యా, నేను కాలవల మీద లస్కరుని. నా బీట్‌లో పెద్ద కాలవ, దాన్నుంచి చీలే పిల్ల కాలవలు అన్నీ శివారు దాకా తిరిగి చూడాలి. నడిచిన గట్టు మళ్లీ నడవకుండా దారి ఉందా?
– ఒక పాఠకుడు, ముమ్మిడివరం దగ్గర

జవాబు: లేదండీ. ఆయిలర్ అనే గణితజ్ఞుడి 1736 నాటి వ్యాసంలోనే దీని కిటుకు ఉంది. మీ గట్లని గీతలనుకోండి: గీసిన గీత మళ్లీ గియ్యకుండా అన్నీ తిరగాలంటే, బేసి సంఖ్యలో దారులు కలిసే చోట్లు రెండుకు మించకూడదు. మీ ప్రతి శివారూ ఒకే దారి ఉన్న చోటు, అంటే బేసి. ఎంత తక్కువ నడకతో తిరగొచ్చన్న ప్రశ్నని గువాన్ మేగు అనే చైనా గణితజ్ఞుడు 1960లో వీధులన్నీ తిరిగే పోస్ట్‌మాన్ లెక్కగా వేశాడు. మీ కాలవలు చీలడమే కానీ మళ్లీ కలవవు కాబట్టి మీ లెక్క తేలిక. బయల్దేరిన లాకు దగ్గరికే తిరిగి రావాలంటే ప్రతి గట్టూ రెండుసార్లు నడవాల్సిందే. రానక్కర్లేదంటే అన్నిటికన్నా దూరపు శివారుని ఆఖరికి పెట్టుకోండి, లాకు నుంచి అక్కడి దాకా ఉన్న దూరం అంతా మిగులుతుంది. మధ్యలో ఏ పిల్ల కాలవ ముందు చూసినా తేడా ఉండదు, వెళ్లినదాన్ని పూర్తి చేసి వస్తే చాలు.